బౌండరీ గీతకి ఇవతల
(రేడియో ప్రసంగ పాఠం)

ఇవాళ క్రికెట్ గురించి మాట్లాడతాను అనగానే "ఇంట్లో టీవీలో మోగేది చాలదా, రేడియోలో కూడానా" అని కొంతమంది విసుక్కుంటారని తెలుసు. కాస్త ఆగండి. నేను చెప్పబోయేది ఆట గురించి కాదు, ఆట చూసేవాళ్ళ గురించి. అంటే మీ గురించీ, నా గురించీ. ముందుగా నా గురించే చెబుతాను, ఎందుకంటే ఈ కథలో మొదటి ముద్దాయిని నేనే.

కొన్నేళ్ళ కిందట సంగతి. సింగపూర్లో శని, ఆదివారాలు మన కుర్రాళ్ళు ఆడే లీగ్ మ్యాచ్‌లు మీకు తెలిసినవే. చెట్టు కింద చాప, డబ్బాల్లో పులిహోర, ఫ్లాస్కులో టీ, పిల్లల గోల. ఆ రోజు మావాళ్ళు బ్యాటింగ్. గెలవడానికి ఇంకా ముప్ఫై పరుగులు కావాలి, మంచి ఊపు మీదున్నారు. ఇంతలో మా ఓపెనర్ కాలికి బంతి తగిలింది, బౌలర్ గట్టిగా అరిచాడు, అంపైర్ వేలెత్తేశాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. చాప మీంచి లేచి, మా తాలూకా మొత్తానికి వినపడేటట్టు, అచ్చ తెలుగులో అరిచాను. ఏమరిచానో పూర్తిగా ఇక్కడ చెప్పలేను. మర్యాదగా చెప్పగలిగిన ముక్క ఒక్కటే, "కళ్ళు కనపడట్లేదా" అన్నది. మిగతావి ఆయన పెద్దవాళ్ళ గురించి.

మ్యాచ్ అయిపోయింది. మావాళ్ళు ఓడిపోయారు. అంపైర్ గారు టోపీ తీసి, చెమట తుడుచుకుంటూ నేరుగా మా చాప దగ్గరికి వచ్చారు. అరవై దగ్గర పడ్డ మనిషి. "బాబూ, మాది నెల్లూరు" అన్నారు.

ఆ తర్వాత ఒక నిమిషం పాటు మా చాప మీద ఎవరూ మాట్లాడలేదు. పులిహోర డబ్బా మూత పెట్టే చప్పుడు కూడా వినపడింది.

ఆయన కోపం చూపించలేదు. అది ఇంకా బాధ. "కళ్ళు బాగానే కనపడుతున్నాయి బాబూ. మీరు కూర్చున్న చోటు చూడండి. పిచ్‌కి పక్కగా కూర్చున్నారు. అక్కణ్ణించి బంతి ఎంత ఎత్తులో తగిలిందో తెలుస్తుంది గానీ ఏ లైన్లో తగిలిందో దేవుడిక్కూడా తెలియదు" అన్నారు. నిజమే కదా! ఎల్‌బీడబ్ల్యూ అంటే బంతి ఎక్కడ పడింది, కాలికి ఎక్కడ తగిలింది, కాలు అడ్డం లేకపోతే వికెట్లకి తగిలేదా అన్న లెక్క. లెగ్ స్టంప్‌కి బయట పడితే అసలు అవుటే కాదు. ఈ లెక్కంతా వికెట్లకి సూటిగా వెనక నిలబడ్డ మనిషికే అందుతుంది. అందుకే అంపైర్‌ని అక్కడ నిలబెట్టారు. నేను ముప్ఫై ఏళ్ళుగా క్రికెట్ చూస్తున్నాను, వందల ఎల్‌బీడబ్ల్యూలకి తీర్పులు చెప్పాను, ఈ చిన్న విషయం ఎప్పుడూ తట్టలేదు.

ఇంతటితో అయిపోతే ఇది నా పరువుకి సంబంధించిన కథే అయ్యేది. రెండు వారాల తర్వాత కండొమీనియం కింద పిల్లలు ప్లాస్టిక్ బంతితో ఆడుకుంటున్నారు. అంపైరింగ్ చేస్తున్నది పక్క బ్లాకులో చైనీస్ కుటుంబం వాళ్ళ అమ్మాయి, పదేళ్ళుంటాయేమో. మావాణ్ణి రనవుట్ ఇచ్చింది. ఎనిమిదేళ్ళ మావాడు బ్యాటు కింద పడేసి, నేను మైదానంలో అన్న మాటలన్నీ, ఒక్కటి కూడా మరచిపోకుండా, అదే వరసలో అన్నాడు. ఇంట్లో మావాడి చేత తెలుగు పద్యం ఒక్కటి కంఠతా పట్టించడానికి మా ఆవిడ ఆరు నెలలు కష్టపడింది. ఇవి మాత్రం ఒక్కసారి వింటే వచ్చేశాయి.

సరే, నా గోల పక్కన పెట్టి అసలు విషయానికొద్దాం.

మనం ఉంటున్న ఈ ఊళ్ళో క్రికెట్ కొత్తదేమీ కాదు. సిటీ హాల్ ఎదురుగా ఉన్న పడాంగ్ మైదానం అంచున సింగపూర్ క్రికెట్ క్లబ్ 1852లో పుట్టింది. 2022లో ఆ మైదానాన్ని జాతీయ స్మారకంగా ప్రకటించారు. బస్సులో ఆ పక్కనుంచి పోతూ మనలో ఎంతమంది దాన్ని మామూలు పచ్చిక బయలనుకుంటారో! 1996 ఏప్రిల్లో అక్కడ భారత్, పాకిస్థాన్, శ్రీలంక జట్లు సింగర్ కప్ ఆడాయి. సనత్ జయసూర్య పాకిస్థాన్ మీద 48 బంతుల్లో సెంచరీ కొట్టింది అక్కడే. ఫైనల్లో 17 బంతుల్లో యాభై కొట్టాడు. ఆ ఫైనల్లో మొదటి వికెట్‌కి 70 పరుగులొచ్చాయి, అందులో కలువితరణ వంతు సున్నా! అంత కొట్టినా శ్రీలంక ఓడిపోయింది, అది వేరే సంగతి. మన సచిన్ కూడా ఆ టోర్నమెంట్లో పాకిస్థాన్ మీద సెంచరీ చేశాడు. అదీ ఓడిన మ్యాచే.

ఈ సంగతులు ఎందుకు చెబుతున్నానంటే, పడాంగ్ మీద ఆడిన ఆ శ్రీలంక ఆటగాళ్ళు అంతకి మూడు వారాల ముందు ఎక్కడున్నారో గుర్తు చేయడానికి. కలకత్తా ఈడెన్ గార్డెన్స్‌లో ఉన్నారు. 1996 మార్చి 13, ప్రపంచ కప్ సెమీఫైనల్. 252 కొట్టాల్సిన మనవాళ్ళు ఒక దశలో ఒక్క వికెట్‌కి 98. సచిన్ స్టంపవుట్ అయ్యాడు, అక్కణ్ణించి పేకమేడలా కూలి 8 వికెట్లకి 120. సీసాలు పడ్డాయి. సీట్లకి నిప్పు పెట్టారు. మ్యాచ్ రిఫరీ క్లైవ్ లాయిడ్ ఆటగాళ్ళని లోపలికి తీసుకెళ్ళి, కాస్సేపాగి మళ్ళీ పంపించి చూశాడు. మళ్ళీ సీసాలు. ఇక లాభం లేదని మ్యాచ్ శ్రీలంకదేనన్నాడు. వినోద్ కాంబ్లీ ఏడుస్తూ బయటికి రావడం మన తరం వాళ్ళెవరూ మరచిపోలేదు. నేనప్పుడు కాలేజీ హాస్టల్లో ఉన్నాను. మేం కూడా టీవీ ముందు తిట్ల వర్షం కురిపించాం. చేతిలో సీసా, ఎదురుగా మైదానం ఉంటే విసిరేవాళ్ళమా? ఏమో, ఒట్టేసి చెప్పలేను.

ఇలాంటివి జరిగినప్పుడు "మన జనమే అంత" అని ఒక్క మాటతో కొట్టిపారేస్తుంటాం. ఆ మాట తప్పని చెప్పడానికి 1999 సరిపోతుంది. ఆ ఏడు జనవరి 31న చెన్నై చేపాక్‌లో పాకిస్థాన్‌తో టెస్టు. 271 కొట్టాలి. సచిన్ నడుము నొప్పితో 136 కొట్టి అవుటయ్యేసరికి ఇంకా 17 పరుగులే కావాలి. మిగతావాళ్ళు నాలుగు పరుగులకే చేతులెత్తేశారు. 12 పరుగుల తేడాతో ఓటమి. ఏళ్ళ తరబడి ఉప్పూ నిప్పూలా ఉన్న దేశంతో, అంత దగ్గరికొచ్చి ఓడిపోయాక చెన్నై జనం ఏం చేశారు? లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. వసీం అక్రమ్ జట్టు మైదానం చుట్టూ తిరిగి ఆ చప్పట్లు అందుకుంది.

సరిగ్గా మూడు వారాలు తిరక్కుండానే అవే రెండు జట్లు కలకత్తాలో ఆడాయి. సచిన్ మూడో పరుగు కోసం తిరిగి, క్రీజు దగ్గర షోయబ్ అఖ్తర్‌కి తగులుకుని రనవుటయ్యాడు. గొడవ మొదలైంది. సచిన్ స్వయంగా బయటికొచ్చి దండం పెట్టి బతిమాలితే ఆ రోజుకి సద్దుమణిగింది. చివరి రోజు మళ్ళీ రాజుకుంది. పోలీసులు వేలమందిని స్టేడియం నుంచి బయటికి పంపేశారు. దాదాపు ఖాళీ స్టాండ్ల ముందు ఆఖరి వికెట్ పడింది.

అదే దేశం, అదే ఆట, అదే ప్రత్యర్థి. మరి తేడా ఎక్కడ? నాకు తోచినంతవరకు ఓటమి జనాన్ని రెచ్చగొట్టదు. అన్యాయం జరిగిందన్న అనుమానం రెచ్చగొడుతుంది. చెన్నైలో మనవాళ్ళు ఓడిపోయారు, అంతే. కలకత్తాలో మనవాణ్ణి మోసం చేశారనుకున్నారు. మోసమా కాదా అని తేల్చుకునే ఓపిక లక్షమంది మధ్యలో ఎవరికుంటుంది? గుంపులో గోవిందా! నా చాప దగ్గర జరిగింది కూడా చిన్న సైజు కలకత్తాయే. ఓపెనర్ బౌల్డ్ అయితే నోరు మూసుకుని కూర్చునేవాణ్ణి. ఎల్‌బీడబ్ల్యూ కాబట్టి లేచాను.

ఈ జబ్బు ఒక్క భారతదేశానిది కూడా కాదు. 2001 జూన్‌లో ఇంగ్లండ్ లీడ్స్‌లో పాకిస్థాన్ గెలుపు ఇంకా పూర్తికాకముందే అభిమానులు మైదానంలోకి దూసుకొచ్చారు. తొక్కిసలాటలో ఒక స్టివార్డు తీవ్రంగా గాయపడ్డాడు. ఇంగ్లండ్ మ్యాచ్ వదిలేసుకుంది. పరాయి దేశంలో స్థిరపడ్డవాళ్ళకి ఆ మైదానమే సొంతూరు అనిపించే ఘడియ ఒకటి వస్తుంది. ఆ ఘడియలో ఒళ్ళు తెలియదు. మనకీ అంతే.

ఇప్పుడు గీతకి అవతలివైపు నుంచి చూద్దాం. 2021 జనవరి, సిడ్నీ టెస్టు. మన హైదరాబాద్ కుర్రాడు మహమ్మద్ సిరాజ్ బౌండరీ దగ్గర ఫీల్డింగ్ చేస్తున్నాడు. ఆటో నడిపి పెంచిన తండ్రి రెండు నెలల కిందటే పోతే, చివరి చూపుకి కూడా రాలేక అక్కడే ఉండిపోయినవాడు. వెనక స్టాండ్లోంచి జాతి పేరుతో మాటలు పడ్డాయి. నాలుగో రోజు మళ్ళీ పడితే సిరాజ్ నేరుగా అంపైర్ల దగ్గరికి వెళ్ళి చెప్పాడు. ఆట ఆగింది. ఆరుగురిని స్టాండ్లోంచి బయటికి పంపారు. కావాలంటే మైదానం వదిలి వెళ్ళవచ్చని అంపైర్లు అన్నారట, కెప్టెన్ రహానే మేం ఆడతామన్నాడు. తర్వాత ఆస్ట్రేలియా బోర్డు విచారణ చేసి, మనవాళ్ళని జాతి పేరుతో తిట్టిన మాట నిజమే, అయితే బయటికి పంపిన ఆ ఆరుగురు మాత్రం కాదు అని తేల్చింది. అసలువాళ్ళు గుంపులో కలిసిపోయారన్న మాట. మర్నాడు అదే మైదానంలో మన కాకినాడ పిల్లాడు హనుమ విహారి తొడ కండరం పట్టేసినా, కుంటుతూ 161 బంతులు ఆడి 23 పరుగులతో నిలబడ్డాడు. అశ్విన్‌తో కలిసి మ్యాచ్ డ్రా చేశాడు.

సిడ్నీ వార్త వినగానే మనందరికీ రక్తం మరిగింది. మరగాలి కూడా. కానీ 2007 అక్టోబరులో వడోదరలో, ముంబైలో ఆండ్రూ సైమండ్స్‌ని చూసి కోతి చేష్టలు చేసింది ఎవరు? మనవాళ్ళే. ఆ రోజు మన ఇళ్ళల్లో "ఏదో సరదాకి" అన్నవాళ్ళు ఎంతమంది లేరు! గీతకి అవతల నిలబడినవాడు మనవాడైతే అవమానం, పరాయివాడైతే సరదా.

లండన్ ఓవల్లో 2019 జూన్ 9న జరిగింది కూడా చెప్పాలి. ప్రపంచ కప్‌లో ఆస్ట్రేలియాతో మ్యాచ్, స్టాండ్ల నిండా నీలం చొక్కాలే. అంటే మనలాగే అక్కడ ఉద్యోగాలు చేసుకుంటున్న కుటుంబాలు. బంతి గీకిన కేసులో ఏడాది నిషేధం అనుభవించి వచ్చిన స్టీవ్ స్మిత్ బౌండరీ దగ్గరికి రాగానే గేలి మొదలుపెట్టారు. బ్యాటింగ్ చేస్తున్న కోహ్లీ జనం వైపు తిరిగి, ఇదేం పని, చప్పట్లు కొట్టండని చేతులతో సైగ చేశాడు. ఆ సైగకి ఐసీసీ వాళ్ళు ఆ ఏటి క్రీడాస్ఫూర్తి అవార్డు ఇచ్చారు. కోహ్లీ శాంతమూర్తి అని ఎవరూ అనరు. అతనే చెప్పాల్సి వచ్చిందంటే మనం ఎంత దూరం వెళ్ళామో చూసుకోండి.

పెద్ద స్టేడియాల మాట అలా ఉంచి మన వారాంతపు మైదానాలకొద్దాం. ఇక్కడ గోడలుండవు, పోలీసులుండరు. తెల్ల సున్నం గీతో, తాడో అడ్డం, అంతే. కొత్తగా వచ్చిన కుటుంబాల వాళ్ళకి తెలియక జరిగేవి రెండున్నాయి.

మొదటిది, బౌలర్ వెనక నడవడం. బ్యాట్స్‌మన్ చూపంతా బౌలర్ చేతి మీద ఉంటుంది. గంటకి 120 కిలోమీటర్ల బంతి చేతిలోంచి వదిలాక బ్యాటు దాకా రావడానికి సుమారు అరసెకను. ఆ అరసెకనులో వెనకాల ఒక ఎర్ర చీరో, పిల్లల తోపుడుబండో కదిలితే కన్ను దాని మీదికి పోతుంది. పెద్ద మైదానాల్లో సైట్ స్క్రీన్ పెట్టేది అందుకే. ఎర్ర బంతికి తెల్లది, తెల్ల బంతికి నల్లది. మన మైదానాల్లో అది ఉంటే చిన్నది, లేకపోతే లేదు. కాబట్టి ఓవర్ మధ్యలో ఆ వైపు నడవకండి. ఓవర్ అయ్యాక నడవండి, అర నిమిషం దొరుకుతుంది. బ్యాట్స్‌మన్ చేయెత్తి ఆపితే అతనికి పొగరు అనుకోకండి పాపం.

రెండోది, పిల్లలు. క్రికెట్ బంతి బరువు 156 నుంచి 163 గ్రాములు. లోపల బెండు, నూలు, పైన తోలు. తగిలితే రాయే. గీత దగ్గర చాప వేసుకుని, మైదానానికి వీపు పెట్టి కబుర్లు చెప్పుకుంటూ, పిల్లల్ని బంతి వైపు వదిలేసే కుటుంబాలని ప్రతి వారం చూస్తున్నాను. కనీసం ఒక్కరైనా ఆటకి ఎదురుగా కూర్చోండి. "చూసుకో" అని ఎవరైనా అరిస్తే పైకి చూడకుండా తల మీద చేతులు పెట్టుకుని వంగమని పిల్లలకి నేర్పండి. పైకి చూస్తే మొహానికి తగులుతుంది.

ఇక చెత్త. ఇది చెప్పడానికి నాకే సిగ్గుగా ఉంది. లీ క్వాన్ యూ 1968లో పరిశుభ్రతా ఉద్యమం మొదలుపెట్టిన ఊరు ఇది. చెత్త పారేస్తే మొదటిసారి పట్టుబడ్డవాళ్ళు సాధారణంగా 300 డాలర్లు కట్టుకుంటారు. కోర్టుదాకా వెళితే 2,000 దాకా పడవచ్చు. చీపురిచ్చి పదిమందిలో 3 నుంచి 12 గంటలు ఊడ్పించే శిక్ష కూడా 1992 నుంచి ఉంది. 2021 సెప్టెంబరు నుంచి హాకర్ సెంటర్లో తిన్న ట్రే మనమే తీసి పెట్టకపోతే తప్పు. మనమంతా బుద్ధిగా పెడుతున్నాం కూడా. అదే మనం శనివారం సాయంత్రం మైదానం వదిలేసరికి చెట్టు కింద బిర్యానీ ప్లేట్లు, టిష్యూలు, నీళ్ళ సీసాలు!

ఇది మన రక్తంలో ఉందంటే నేనొప్పుకోను. ట్రే పెట్టే చోట అలమర కళ్ళెదురుగా ఉంటుంది, పక్కవాడు పెడుతుంటాడు, పెట్టకపోతే ఎవరో చూస్తారు. మైదానంలో చెత్తడబ్బా వంద గజాల అవతల ఉంటుంది, పక్కవాడూ వదిలేస్తాడు. అంతే తేడా. 1998లో ఫ్రాన్స్‌లో ఫుట్‌బాల్ ప్రపంచ కప్ ఆడినప్పుడు జపాన్ అభిమానులు తమ జట్టు ఓడిపోయినా స్టాండ్లు శుభ్రం చేసి వెళ్ళారని అందరం మెచ్చుకున్నాం. 2022లో ఖతార్‌లో తమ దేశం ఆడని మ్యాచ్ తర్వాత కూడా కొందరు ఏరారు. వాళ్ళకేదో ప్రత్యేకమైన గుణముందని కాదు. బళ్ళో పిల్లలే తరగతి గది ఊడ్చుకునే అలవాటు, వచ్చేటప్పుడే జేబులో పెట్టుకొచ్చిన సంచీ. సంచీ లేకుండా సంకల్పం ఒక్కటీ ఏం చేస్తుంది?

మాకు ఆ సంచీ ఊరికే గుర్తు రాలేదు. ఒక సీజన్ చివర మైదానం నడిపే వాళ్ళ నుంచి ఉత్తరం వచ్చింది. చెత్త, ఎదురు ఫ్లాట్ల వాళ్ళ నుంచి డప్పుల మీద ఫిర్యాదులు, ఇంకోసారి ఇలా అయితే బుకింగ్ ఇవ్వమని. ఈ ఊళ్ళో ఎకరం పచ్చిక దొరకడం ఎంత కష్టమో మీకు తెలుసు. మైదానం పోతే మా పెద్దవాళ్ళకి పెద్ద నష్టం లేదు, టీవీ ముందు కూర్చుంటాం. పోయేది అక్కడ ఆదివారం పొద్దున్న నేర్చుకుంటున్న ఇరవై ముప్ఫైమంది పిల్లల ఆట. ఈ ఊరి జట్టు 2019 సెప్టెంబరులో బాలెస్టియర్ రోడ్డు పక్కన ఇండియన్ అసోసియేషన్ మైదానంలో జింబాబ్వేని 4 పరుగులతో ఓడించింది. టెస్టు హోదా ఉన్న దేశాన్ని సింగపూర్ గెలవడం అదే మొదలు. అలాంటి జట్టులోకి వెళ్ళాల్సిన పిల్లలు మరి ఎక్కడ ఆడాలి?

ఇప్పుడు ప్రతి చాపకీ రెండు సంచులు, ఒకటి తడి చెత్తకి, ఒకటి సీసాలకి. చివరి ఓవర్ మొదలవగానే పిల్లలు సంచులు పట్టుకుని ఒక చుట్టు తిరుగుతారు, ఎవరు ఎక్కువ ఏరితే వాళ్ళకి ఐస్‌క్రీము. లంచమే, ఒప్పుకుంటాను. డప్పులు వికెట్ పడ్డప్పుడు మాత్రమే. అంపైర్‌ని తిడితే తిట్టినవాడు తర్వాతి మ్యాచ్‌కి స్కోరు రాయాలి. ఈ చివరి షరతు పెట్టింది మా ఆవిడ. మొదటి మూడు మ్యాచ్‌లకి స్కోరు రాసింది నేను.

నెల్లూరు అంపైర్ గారి దగ్గరికి మావాణ్ణి వెంటబెట్టుకుని వెళ్ళాను. ఇద్దరం క్షమాపణ చెప్పుకున్నాం. ఆ అమ్మాయికి మావాడు అంతకుముందే వెళ్ళి చెప్పొచ్చాడు. పెద్దాయన నవ్వేసి, మావాణ్ణి సైట్ స్క్రీన్ పక్కకి తీసుకెళ్ళి కూర్చోబెట్టుకుని రెండు ఓవర్లపాటు లైను ఎలా చూడాలో చూపించారు. ఆ సాయంత్రం పార్కులో మావాడితో ఆడుతుంటే బంతి నా మోకాలికి తగిలింది. అవతల నుంచి వాడే బౌలరు, వాడే అంపైరు. ఒక క్షణం తల వంచి ఆలోచించి, వేలెత్తాడు.

బ్యాటు వాడి చేతికిచ్చాను. లైన్లోనే ఉన్నాను మరి.